ఎత్తకపోయిన పాట

మధ్యాహ్నం రెండున్నరకు సీరియల్ మొదలైతే డోన్‌లో రామసుబ్బయ్య శెట్టి ఇంటి వసారాలో సుత్తుల చప్పుడు సన్నబడుతుంది. పూర్తిగా ఆగదు. ఆగితే ముందున్న అంగట్లో కూర్చున్న శెట్టికి తెలిసిపోతుంది. ఎండిన చింతపండును రాతి మీద పెట్టి, చిన్న ఇనుప సుత్తితో ఒక్కటి వేసి, గింజ ఎగిరి అవతల పడగానే ఈనె లాగి బుట్టలో వెయ్యాలి. చెయ్యి ఆ పనిలో, కన్ను టీవీలో. ఇన్నేళ్ళలో ఒక్కరి వేలు కూడా చితకలేదని ఆ ఆడవాళ్ళ గొప్ప.

నడవలో ఉండే ఆ టీవీ మొహం ఒకప్పుడు ఇంట్లోకి ఉండేది. వసారాలో చింతపండు కొట్టే ఓబులమ్మ మాటలు మరిగాక శెట్టి భార్య సుందరలక్ష్మి దాన్ని వసారా వైపు తిప్పించింది. సీరియల్ కన్నా సీరియల్ మీద ఓబులమ్మ చెప్పే ముక్కే బాగుంటుందని ఆ వీధి ఆడవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు. కూరగాయల సంచితో పోయేవాళ్ళు కూడా వాకిట్లో ఒక నిమిషం నిలబడి, ఆమె ఏమంటుందో విని, నవ్వుకుని పోతారు.

ఆ బుధవారానికి సీరియల్‌లో కోడలి మీద దొంగతనం మోపి పదహారు రోజులైంది. అత్త హారం తీసింది తోడికోడలు. ఆ సంగతి కోడలికి తెలుసు, మామకు తెలుసు, గుమ్మం చాటున నిలబడ్డ మొగుడికీ తెలుసు. అయినా కోడలు నోరు విప్పదు. కళ్ళలో నీళ్ళు నింపుకుని నిలబడుతుంది. ఉరిమినట్టు చప్పుడొచ్చి ఆ మొహాన్ని మూడుసార్లు చూపిస్తారు.

"ఏం రోగమే ఈ పిల్లకు?" అంది ఓబులమ్మ, సుత్తి ఎత్తి పట్టుకుని. "నోరుండాది గదా. నేను తియ్యలే, ఇదో ఈయమ్మ తీసింది అని ఒక్క మాటంటే కత అయిపాయ. ఆ ఒక్క మాట చెప్పలేక పదారు దినాల నుంచి మనల్ని కూసోబెట్టింది."

"చెప్తే సీరియల్ అయిపోతాది గదక్కా," అంది పక్కనున్న సుంకులమ్మ.

"పోనీ. ఆ ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన మనిషిని నువ్వెప్పుడన్నా చూసినావా? పట్టుచీరలు కట్టుకోనే పండుకుంటారు, పట్టుచీరలు కట్టుకోనే లేస్తారు. పని లేనోళ్ళకు ఏడుపే పని. ఇంగోటి చూసినావా, ఆ ఇంట్లో మన మాట మాట్లాడేటోడు ఒకడే. వాడు రౌడీ. మన మాదిరి 'యాడికి పోతాండావు' అన్యాడంటే వాని చేతిలో కొడవలి ఉన్నట్టే."

లోపల సోఫాలో సుందరలక్ష్మి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు కోసమే టీవీ ఇటు తిరిగింది మరి.

ఆ వారమంతా ఆ ఇంటికి నవ్వుల వారమే. శెట్టి కూతురు రమ్యశ్రీ హైదరాబాదులో ఒక టీవీ వాళ్ళ పాటల పోటీలో ఆరుగురిలో ఒకతైంది. పోయిన శనివారం పాత పాటలూ సినిమా పాటలూ వదిలేసి, జానపదమని చెప్పి, ఆ పిల్ల ఒక పాట పాడింది.

చింతచెట్టు కింద చిన్ని ఈరమ్మా
చిగురు నీకు, పులుపు నాకు, ఏల ఏడ్చేవే

జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇక్కడ నడవ గడప దగ్గర కూర్చుని చూస్తున్న ఓబులమ్మ చప్పట్లు కొట్టలేదు. చింతపండు నలుపెక్కిన చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. అది ఆమె పాట. ఇదే వసారాలో చింతపండు కొడుతూ పాడేది. బడి నుంచి వచ్చిన రమ్య ఆమె తొడ మీద తల పెట్టుకుని, గింజలు ఏరుకుంటూ వినేది. ఈరమ్మ ఓబులమ్మ కూతురు. ఆరేళ్ళకే విషజ్వరంతో పోయింది. ఏ కాగితంలోనూ ఆ పిల్ల పేరు లేదు, ఒక ఫోటో లేదు. అలాంటిది రమ్య నోట రాష్ట్రమంతా వినేలా ఆ పేరు పలికింది.

"సిగురును చిగురు చేసింది, ఏడ్సేవేను ఏడ్చేవే చేసింది," అంది మర్నాడు, తనకు అలవాటైన తీర్పు చెప్పే గొంతుతో. "టౌను నోరు గదా, అట్లే పలుకుతాది. కానీ ఈరమ్మను ఈరమ్మ అనే అనింది." అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. వసారాలో ఎవ్వరూ నవ్వలేదు.

ఆ బుధవారమే సీరియల్ అయిపోతుండగా హైదరాబాదు నుంచి టీవీ వాళ్ళు దిగారు. కెమెరా పట్టుకున్న మనిషి ఒకడు, చేతిలో మైకుతో గలగలా మాట్లాడే అమ్మాయి ఒకతె. పోటీలో ఉన్నవాళ్ళ సొంత ఊళ్ళు చూపిస్తారట. శెట్టి ఇస్త్రీ చొక్కా వేసుకుని అంగట్లో నిలబడి, అందరూ రమ్యకు ఓటు మెసేజి పంపాలని చెప్పాడు. సుందరలక్ష్మి కూతురు చిన్నప్పటి బహుమతులు చూపించింది.

ఆ అమ్మాయికి అవేవీ చాలినట్టు లేదు. వసారాలోకి చూసి, "వీళ్ళలో ఎవరైనా మాట్లాడతారా? మాస్ టచ్ ఉంటుంది," అంది.

"మా ఓబులమ్మను అడుగు పాపా. టీవీలో ఏమొచ్చినా ఈమె తీర్పు చెప్పాల్సిందే," అని సుందరలక్ష్మి మురుస్తూ ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది.

ఓబులమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. మైకును చూసి కొంచెం వెనక్కి వాలింది. తర్వాత ఎప్పట్లాగే నోరు విప్పింది.

"ఆ పాట నాదే గదమ్మా. సిన్నప్పుడు నా తొడ మీద పండుకోని ఇనేది. నా తావ నుంచే ఎత్తకపోయింది, నా బంగారు తల్లి. ఇంగా శానా ఉండాయి నా తావ. అన్నీ ఎత్తకపోనీ. నేను యాడికి పాడబోతాను, ఈడనే ఉంటే మట్టిలో కలిసిపోతాయి."

అమ్మాయి కళ్ళు మెరిశాయి. "ఎత్తుకుపోయిందా? ఇంకోసారి చెప్పండమ్మా, ఆ మాట ఒక్కటీ."

"ఆ, ఎత్తకపోయింది," అంది ఓబులమ్మ నవ్వుతూ, గర్వంగా.

డోన్‌లో బడికి పోయే పిల్ల పుస్తకాలు ఎత్తకపోతుంది. బండివాడు మూటలు ఎత్తకపోతాడు. పుట్టింటికి వచ్చిన కూతురు ఊరగాయ జాడీ ఎత్తకపోతుంది. దేన్ని చేత పట్టుకుని తీసుకుపోయినా అక్కడ అదే మాట. కర్నూలు దాటి నాలుగు స్టేషన్లు పోతే అదే మాటకు దొంగతనమనే అర్థముందని ఓబులమ్మకు ఎవరు చెబుతారు? ఆమె ఎక్కిన రైలు గుంతకల్లు దాకానే పోయింది.

శనివారం సాయంత్రం నడవ నిండిపోయింది. ఆ రోజు ఓబులమ్మకు గడప లోపల చాప వేశారు. సుంకులమ్మ, పక్కింటివాళ్ళు, అంగట్లో గుమాస్తా అందరూ వచ్చారు. శెట్టి బూందీ తెప్పించాడు. రమ్య గంధం రంగు లంగావోణీలో వచ్చి నిలబడింది. పాడింది, బాగానే పాడింది. "ఇప్పుడు మీ ఊరు చూద్దామా రమ్యా?" అని యాంకరు చెయ్యి ఊపాడు.

అంగడి కనిపించింది. బహుమతులు కనిపించాయి. తర్వాత ఓబులమ్మ మొహం, తెర నిండా.

"ఆ పాట నాదే. నా తావ నుంచే ఎత్తకపోయింది."

అంతే. బంగారు తల్లి లేదు, తొడ మీద పండుకోవడం లేదు, ఇంగా శానా ఉండాయి అనడం లేదు. ఉరిమినట్టు చప్పుడొచ్చింది. ఓబులమ్మ మొహాన్ని మూడుసార్లు చూపించారు. తర్వాత రమ్య మొహాన్ని మూడుసార్లు. నడవలో బూందీ నములుతున్న నోళ్ళు ఆగిపోయాయి.

"ఇది చాలా సీరియస్ విషయం రమ్యా," అన్నాడు నడిమి కుర్చీలో జడ్జి. "ఒక పేద తల్లి, నువ్వు ఆమె పాట దొంగిలించావంటోంది. ఏమంటావు?"

"దొంగతనమని ఎప్పుడన్యాను?" అని ఓబులమ్మ చాప మీద నుంచి లేచింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆమె టీవీకి అడుగు దూరంలో నిలబడి, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "చెప్పమ్మా. ఎత్తకపోవడమంటే తీసకపోవడమని చెప్పు వాళ్ళకు. మా అవ్వ పాట అని చెప్పు తల్లీ, ఒక్క మాట."

'అవ్వా, నా పలకెత్తకరా' అని ఓబులమ్మ చేత పలక తెప్పించుకుంటూ పెరిగిన పిల్లకు ఆ మాట తెలియకపోవడం ఏముంది! రమ్య పెదవులు ఒకసారి కదిలాయి. స్టేజి పక్కకు చూసింది. అంతమంది ముందు తన ఊరి మాటకు అర్థం చెప్పడం ఆ పిల్లకు సిగ్గనిపించిందో, భయమే వేసిందో.

"ఆవిడ మా గోడౌన్‌లో పనిచేస్తారండీ," అంది, నేర్చుకున్న తెలుగులో. "చదువుకోలేదు. ఏదో తెలియక అనుంటారు. అది మా నాన్నమ్మ పాట. నాన్నమ్మే నాకు నేర్పింది."

ఓబులమ్మ నిలబడ్డచోటే నిలబడింది. కాసేపటికి సుంకులమ్మ ఆమె చెయ్యి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయింది. "పాప జేజి ఎప్పుడు పాడిందక్కా?" అని గొణిగింది దారిలో. "ఆయమ్మ సచ్చేదాకా బుట్టలు లెక్కబెట్టి మనల్ని తిట్టిందే గానీ, నోట్లోంచి పాట రావడం మనమెవురన్నా ఇన్యామా?"



ఆదివారం పొద్దున్నే శెట్టి ఆమెను పిలిపించాడు. టీవీ మొహం మళ్ళీ ఇంట్లోకి తిరిగి ఉంది. వసారాలోకి దాని వెనక నల్లటి డొప్ప, వైర్లు మాత్రమే కనిపిస్తున్నాయి. సుందరలక్ష్మి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. శెట్టి అరవలేదు. అరిచే మనిషి కాదు. కుర్చీలో ముందుకు వంగి, మెల్లగా మాట్లాడాడు.

"నువ్వేమన్యావో నాకు తెలుసు ఓబులమ్మా. ఈ ఊర్లో అందరికీ తెలుసు. నువ్వు దొంగతనమని అనలే."

"అదే గదయ్యా నేను చెప్పేది. ఆ మైకు పాప మల్లా వస్తే, ఆ మాటకు మా తావ అర్థం ఇదీ అని నేనే చెప్తాను."

"అదిప్పుడు పనికిరాదు." శెట్టి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా పాప ఇది నాన్నమ్మ పాటని అందరి ముందరా అనేసింది. ఇప్పుడు నువ్వొచ్చి ఆ పాట నాదే, ప్రేమగా తీసకపోయింది అంటే పాప అబద్ధమాడినట్టు అయితాది. దొంగతనం పోయి అబద్ధం మిగుల్తాది. ఇంటికి పంపేస్తారు. టీవీ వాళ్ళు రేపు మల్లా వస్తారంట. పొరపాటున అన్యాను, ఆ పాట జేజమ్మదే అని నువ్వే చెప్పల్ల."

ఓబులమ్మ గోడకు ఆనుకుంది. "పాటలో ఈరమ్మ ఉండాది గదయ్యా," అంది.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఆలోచన వాళ్ళకు ముందే వచ్చినట్టుంది. "మా ఇంటి దేవత పేరని చెప్పు," అంది సుందరలక్ష్మి, నేల చూస్తూ. "ఈరమ్మ అనే దేవతలు యాడన్నా ఉంటారు. ఎవురు అడగబోతారు?"

ఓబులమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. పని పోతే పోనీ, ఇంకో మండీలో మిరపకాయలకు తొడిమెలు తీసుకుని బతుకుతానని అనేసేదే. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో సుందరలక్ష్మి ఫోను కలిపి ఆమె చెవికి ఆనించింది.

"అవ్వా," అంది ఫోన్లో రమ్య.

ఆ ఒక్క పిలుపుకే ఓబులమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

"అవ్వా, లైట్లన్నీ నా మొగం మీదనే ఉండాయి. అందరూ నన్నే చూస్తాండారు. నోట్లోంచి వచ్చేసిందవ్వా. నేను కావాలని అనలే. ఈడ అందరూ నన్ను దొంగ మాదిరి చూస్తాండారు, నాతో పాటు అన్నానికి కూడా కూసోవడం ల్యా. ఒక్కసారి చెప్పవ్వా. నీకు దండం పెడతా."

ఇప్పుడు ఆ పిల్ల నోట్లో ఊరి మాట వచ్చింది. స్టేజి మీద రాని మాట, ఫోన్లో ఎంత చక్కగా వచ్చింది!

"ఏడ్వద్దు తల్లీ," అంది ఓబులమ్మ. "గొంతు చెడిపోతాది. చెప్తాలే."

సోమవారం అదే అమ్మాయి, అదే కెమెరా. ఈసారి ఓబులమ్మను చింతపండు కొడుతూ కూర్చోమన్నారు, చూడ్డానికి సహజంగా ఉంటుందట. చెప్పాల్సిన మాటలు ఆ అమ్మాయే కాగితం మీద రాసుకుని చదివి వినిపించింది. నేను పొరపాటుగా మాట్లాడాను. ఆ పాట రమ్యశ్రీ నాన్నమ్మగారిది. నన్ను క్షమించండి.

"పొరపాటున అన్యాను," అంది ఓబులమ్మ.

"అన్యాను కాదమ్మా, అన్నాను. మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పింది. జేజమ్మ అంటే ఒప్పుకోలేదు, నాన్నమ్మ అనాలి. శమించండి అంటే కెమెరా మనిషి నవ్వాడు. సుత్తి దెబ్బ మైకులో గట్టిగా వినపడుతోందని మెల్లగా కొట్టమన్నారు. మెల్లగా కొడితే గింజ ఎగరదు. అయినా అలాగే కొట్టింది. నలభై ఏళ్ళు వాగిన నోరు నాలుగు మాటలకు తడబడడం చూసి సుంకులమ్మ తల తిప్పేసుకుంది.

ఐదోసారికి సరిపోయిందన్నారు. అమ్మాయి కాగితం మడిచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "పాటలో ఈరమ్మ అని వస్తుంది కదమ్మా, ఎవరామె?"

సుందరలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఓబులమ్మ చింతపండు ముక్కను రాతి మీద సరిచేసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"దేవత," అంది.

"ఎవరి దేవతమ్మా?"

సుత్తి ఎత్తింది. అది చింతపండు మీద కాదు, బొటనవేలి మీద పడింది. ఆమె అబ్బా అని కూడా అనలేదు. వేలిని పిడికిట్లో దాచుకుని, కెమెరాను చూసి, నేర్పిన తెలుగులోనే స్పష్టంగా చెప్పింది.

"వాళ్ళ ఇంటి దేవత."

"ఓకే, సూపర్," అన్నాడు కెమెరా మనిషి.

శనివారం అంతా సుఖంగా జరిగిపోయింది. తెర మీద ఓబులమ్మ క్షమించమంది. జడ్జి రమ్య తల నిమిరి, ఒక అమాయకురాలి మాట వల్ల నువ్వెంత బాధపడ్డావో అన్నాడు. స్టేజి మీదికి జేజమ్మ ఫోటో తెప్పించి పూలదండ వేశారు. ఎనిమిది బుట్టలు నింపితే తొమ్మిదోది ఏదని అడిగే ఆ మొహం ముందు రమ్య దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని మళ్ళీ అదే పాట పాడింది. ఓట్లు విరగబడి వచ్చాయి. పిల్ల నలుగురిలోకి చేరింది. వీధిలో టపాకాయలు కాల్చారు.

ఓబులమ్మ అవేవీ చూడలేదు. ఆ పొద్దు ఒళ్ళు బాగాలేదని ఇంట్లోనే ఉంది. టపాకాయల చప్పుడు విని పాప నిలిచిందని తెలుసుకుంది. నిలిచినందుకు సంతోషమే వేసింది. ఆ సంతోషం మీద ఆమెకే ఒళ్ళుమండింది.

సోమవారం పనికి వచ్చేసరికి టీవీ మళ్ళీ వసారా వైపు తిరిగి ఉంది. సుందరలక్ష్మే స్వయంగా తిప్పిందని సుంకులమ్మ చెప్పింది. ఎప్పుడూ లేనిది శెట్టమ్మ గ్లాసు నిండా టీ తెచ్చి ఇచ్చి, "వేలు ఎట్లుండాది ఓబులమ్మా?" అని అడిగింది. గోరు నల్లబడింది. చింతపండు పులుపు చీలికలోకి పోయినప్పుడల్లా సుర్రుమంటోంది. బాగుండాదమ్మా అంది ఓబులమ్మ.

కొంచెం సేపటికి, పని ఊపులో, సుంకులమ్మ అలవాటుగా కూనిరాగం అందుకుంది. సింతసెట్టు కింద సిన్ని...

"ఆ పాట వద్దులే సుంకూ," అంది ఓబులమ్మ. "అది మనది కాదు. ఇంగోటి పాడు."

సుంకులమ్మ ఇంకోటి పాడలేదు.

రెండున్నరకు సీరియల్ మొదలైంది. సుత్తుల చప్పుడు సన్నబడింది. కోడలి మీద దొంగతనం మోపి నెల కావస్తోంది. ఈరోజు పెద్దమనుషులను కూడా పిలిపించారు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఉన్నారు. హారం నువ్వే తీశావా అని అత్త అడుగుతోంది. మామ తల వంచుకున్నాడు. మొగుడు గుమ్మం చాటునే ఉన్నాడు. కోడలు కళ్ళలో నీళ్ళు నింపుకుని నిలబడింది. మొహాన్ని ఒకసారి చూపించారు, రెండోసారి చూపించారు.

ఆడవాళ్ళందరూ ఓబులమ్మ వైపు చూశారు. వాకిట్లో కూరగాయల సంచితో ఎవరో ఆగారు. లోపల సోఫాలో సుందరలక్ష్మి ముందుకు జరిగింది, నవ్వడానికి సిద్ధంగా. అంతా మళ్ళీ పాత మాదిరి అయిపోవాలని ఆమెకు ఎంత ఆశగా ఉందో మొహంలోనే కనిపిస్తోంది.

"ఏం ఓబులమ్మా, గమ్మునుండావు?" అంది. "ఈ పిల్ల ఇంగా నోరు తెరవల్యా, చూడు. ఏం రోగమో ఏమో!"

ఓబులమ్మ చింతపండును రాతి మీద పెట్టింది. నల్లబడిన వేలును జాగ్రత్తగా పక్కకు జరిపి, సుత్తితో ఒక్కటి వేసింది. గింజ ఎగిరి గడప దాటి నడవలో పడింది.

"తెరిచి ఎవురికి చెప్తాదిలేమ్మా," అంది, తల ఎత్తకుండా. "ఆడుండే వాళ్ళందరికీ తెలిసిందే గదా."

టీవీలో ఉరిమినట్టు చప్పుడొచ్చింది. ఎవరూ నవ్వలేదు. సుందరలక్ష్మి సోఫాలోంచి లేచి, వంగి నడవలో పడిన గింజను తీసి ఓబులమ్మ బుట్ట పక్కన పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.